మూడో విమానానికి వేసిన రంగు

వెనక గది, కిటికీ పక్కన
జూన్ 4

పిడుగుకి,

నీ పార్సిలు అందింది. పైన "జాగ్రత్త" అని ఎర్ర అక్షరాలతో రాసిన పిల్ల, లోపల మాత్రం రేకుముక్కలు ఆరకముందే ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టేసింది. ఏడు ముక్కలూ అతుక్కుపోయి వచ్చాయి. కత్తి పెట్టి విడదీసేసరికి నా బొటనవేలికి నీ కంపెనీ రంగు పట్టింది. రంగులు తయారుచేసి అమ్ముతానని బోర్డు కట్టినదానివి, రంగు ఎంతసేపట్లో ఆరుతుందో తెలుసుకోవద్దూ?

ఫోనులో ఫొటో పంపితే చాలదా అని మీ అమ్మ అడిగింది. చాలదు. ఫోను తెర మీద కనబడేది రంగు కాదు, వెలుతురు. నీ ఫోనుది ఒక వెలుతురు, నా ఫోనుది ఇంకో వెలుతురు. రేకు మీద పూసి, ఆరబెట్టి, పగటిపూట కిటికీలో పెట్టి చూస్తేనే రంగు. కనక ముక్కలు పంపు, ఉత్తరం రాయి. చేతిరాత కూడా కాస్త మనుషులు చదివేలా ఉండనీ.

ఇక విషయానికి వస్తాను. మీ తాతయ్య యుద్ధవిమానాల డిపోలో, పెయింట్ షాపు ఫోర్‌మన్‌గా ముప్ఫయ్యేళ్ళు చేశారు గనక ఆ విమానాల రంగులన్నీ నాకు కంఠతా వచ్చని నీ నమ్మకం. సరే. ఒకటో నంబరు ఆకుపచ్చ ఆసుపత్రి గోడ. రెండు, మూడు పరవాలేదు గాని వాటిలో నీలం ఎక్కువ. అయిదోది మెరుస్తోంది. కామోఫ్లాజ్ అంటే కనబడకుండా దాక్కోవడానికి వేసే రంగు తల్లీ, పెళ్ళికొడుకు బూట్లకి వేసే పాలిష్ కాదు. ఆరోదాని గురించి మాట్లాడను. నాలుగోది సరైనది. డిపోలో వేసిన ఆకుపచ్చ అదే.

అయితే నాలుగోదాన్ని ఉన్నదున్నట్టు సీసాలో పోయకు. నీ బొమ్మ విమానం అసలుదానిలో డెబ్బై రెండో వంతు. అంత చిన్నదాని మీద అసలు రంగు వేస్తే నల్లగా కనబడుతుంది. ఒక చుక్క తెలుపు కలుపు. రెండు చుక్కలు కాదు.

ఏడో ముక్క, ఆ గోధుమరంగుది, పారేశాను. డిపోలో గోధుమరంగు లేదు.

అమ్మమ్మ


వర్క్‌షాపు
జూన్ 15

అమ్మమ్మా,

బొమ్మలు కాదు, మోడళ్ళు. ఎన్నిసార్లు చెప్పాలి? వాటిని బొమ్మలు అంటే మా కస్టమర్లు గుండె పట్టుకుంటారు. అందులో సగం మంది అరవై దాటినవాళ్ళు.

నాలుగు నంబరు ఖాయం చేశాను. ఒక్క చుక్క తెలుపే కలిపాను. కానీ ఏడోది ఎందుకు పారేశావు? అందరూ ఎదురుచూస్తున్నది దానికోసమే! డిపోలో గోధుమరంగు లేదంటావేమిటి? మూడు విమానాలకి ఆకుపచ్చ బదులు గోధుమరంగు వేశారు. ఫొటోలున్నాయి. వాటిని పైలట్లు "ఇటుకలు" అని పిలిచేవాళ్ళట. డిపో కాగితంలో "ప్రయోగాత్మక వర్ణం" అని రాసి ఉంది, కింద తాతయ్య సంతకం ఉంది.

మా మోడళ్ళ క్లబ్బులో ఒకాయన ఉన్నారు, అందరూ ఆయన్ని భూతద్దం అంటారు. ఎవరు మోడల్ తెచ్చినా జేబులోంచి భూతద్దం తీసి గాని పలకరించరు. ఆ మూడు విమానాల మీద ఆయన నలభై పేజీల వ్యాసం రాశారు. సంధ్యవేళ, దుమ్ము నేల మీద, తక్కువ ఎత్తులో చేసే ఒక రహస్యపని కోసం ప్రత్యేకంగా తయారుచేసిన రంగు అంటారు. "అంత సూక్ష్మంగా రంగు పట్టుకున్న ఆ ఫోర్‌మన్ కన్ను మామూలు కన్ను కాదమ్మాయ్" అన్నారు నాతో. అది మా తాతయ్యే అని చెప్పేసరికి లేచి నిలబడి చెయ్యి కలిపారు.

అందుకే ఈ రంగు సీసాల సెట్టుకి "తాతయ్య కన్ను" అని పేరు పెడుతున్నాను. లోపల చిన్న పుస్తకం ఉంటుంది, భూతద్దంగారే ముందుమాట రాస్తున్నారు. సెప్టెంబరు ఇరవైన అచ్చుకి వెళుతుంది. అమ్మమ్మా, నిజం చెప్తున్నాను, ఈ సెట్టు తప్పని తేలితే మళ్ళీ నా సీసా ఎవరూ మూత తియ్యరు. ఈ లోకంలో ఒక్కసారి రంగు తప్పితే జన్మంతా తప్పినట్టే.

ఇంకో గోధుమ ముక్క పెడుతున్నాను. ఈసారి ఆరబెట్టాను. దయచేసి చూడు.

నీ పిడుగు


వెనక గది
జూన్ 22

పిడుగుకి,

చూడను.

నలభై పేజీలా! ఒక డబ్బా రంగు గురించా! తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటాడు, ఆ మూడింటికీ గోధుమరంగు పూస్తాడు, పైగా అది రహస్య కుందేలు. ఆ పెద్దమనిషికి ఇంట్లో పనేం లేదా?

"తాతయ్య కన్ను" అని పెట్టడానికి వీల్లేదు. ఎందుకంటే నేను వద్దంటున్నాను కనక. ఆయన పోయి పదకొండేళ్ళయింది. ఆయన కన్నుని పెట్టె మీదకెక్కించి షాపుల్లో పెట్టకు. ఆకుపచ్చ సీసా, బూడిదరంగు సీసా, అడుగుభాగం లేతనీలం సీసా, ఈ మూడూ అమ్ముకో. చాలు.

ఇక గోధుమరంగు మాట నాకు రాయకు. మీ అమ్మకి మోకాలి నొప్పి తగ్గిందా?

అమ్మమ్మ


వర్క్‌షాపు
జులై 9

అమ్మమ్మకి,

అమ్మ మోకాలు బాగుంది. అమ్మ జ్ఞాపకశక్తి ఇంకా బాగుంది. గోధుమరంగు మాటెత్తితే అమ్మమ్మ ఎందుకు మండిపడుతోందని అడిగాను. "నాకు రెండేళ్ళప్పుడు నన్ను చంకనేసుకుని అమ్మ మా మామయ్య ఇంటికి వెళ్ళిపోయిందట, తొమ్మిది రోజులు రాలేదట, డిపోలో ఏదో గొడవైందట, ఆ మాట ఇంట్లో ఎత్తకూడదని పెరిగాం" అంది. అది ఏ సంవత్సరమో లెక్కేశాను. గోధుమ విమానాల కాగితం మీద తేదీ కూడా ఆ సంవత్సరానిదే.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. నిన్ను నొప్పించాలని కాదు. కానీ తెలియక ఒక అబద్ధం అచ్చేస్తే అది నా తప్పు. తెలిసి నన్ను అచ్చేయనిస్తే అది నీ తప్పు. చెప్పు, లేదా ఆ గోధుమ ముక్క కిటికీలో పెట్టి సరిగ్గా ఉందో లేదో ఒక్క మాట రాయి. రెండూ చెయ్యకుండా మోకాళ్ళ గురించి అడిగితే ఎలా?

పిడుగు


వెనక గది
జులై 18

పిడుగుకి,

నోరు మీ అమ్మమ్మదే వచ్చింది. ఎవరిని తిట్టుకోను?

చెప్తాను. చదివి చించెయ్యి.

మీ తాతయ్యకి ఆకుపచ్చకీ ఎర్రమట్టి రంగుకీ తేడా తెలిసేది కాదు. పుట్టుకతోనే అంతే. డిపోలో చేరేటప్పుడు కంటిపరీక్ష ఉంటుంది, చుక్కల మధ్య అంకెలు చదవాలి. వరసలో ముందున్నవాడు చదువుతుంటే విని ఆ అంకెలు బట్టీపట్టి ఒప్పజెప్పారట. పెళ్ళైన మూడో నెలలో నేను పట్టేశాను. నా ఆకుపచ్చ శాలువా చూసి "ఈ ఇటుకరంగు నీకు నప్పింది" అన్నారు. పెళ్ళికి ముందు నేను రసాయనశాస్త్రం చదివినదాన్ని, రెండు నిమిషాల్లో అర్థమైంది.

తయారైన రంగు డబ్బాల్లో వచ్చినంతకాలం ఇబ్బంది లేదు, డబ్బా మీద పేరుంటుంది. సరఫరా ఆగినప్పుడే చిక్కు. పసుపు, నలుపు, కాస్త రెడ్ ఆక్సైడ్ కలిపి, నమూనాకి సరిపోయేలా షాపులోనే తయారుచేయాలి. అప్పుడు ఆయన ఒక రేకుముక్క మీద పూసి జేబులో ఇంటికి తెచ్చేవారు. ఈ కిటికీలో పెట్టేవారు. నేను చూసి "ఎరుపు ఎక్కువైంది, పసుపు రెండు చెంచాలు" అనేదాన్ని. మర్నాడు డబ్బాలో ఆ రెండు చెంచాలు పడేవి. నీ భూతద్దం లేచి నిలబడి దండం పెట్టిన కన్ను ఈ కిటికీ దగ్గర అంట్లు తోముకుంటూ ఉండేది.

మా అన్నయ్య ఉన్న ఊళ్ళో రంగుల ఫ్యాక్టరీ ఉండేది. అక్కడి లాబొరేటరీలో రంగు సరిచూసే ఉద్యోగానికి రాసి పంపాను. వచ్చింది. కాగితం చూపిస్తే ఆయన చాలాసేపు చదివి, "మరి నావి ఎవరు చూస్తారు?" అన్నారు. అంతే. బాగుందనీ అనలేదు, వద్దనీ అనలేదు. నాకు ఒళ్ళు మండి మీ అమ్మని తీసుకుని వెళ్ళిపోయాను.

ఆ రోజుల్లోనే సరఫరా ఆగింది. ఆయన సొంతంగా కలిపారు. షాపులో ఎవడైనా "ఇది ఆకుపచ్చ కాదు సార్" అనొచ్చుగా? అనలేదు. ఫోర్‌మన్ కలిపాడంటే పైనుంచి ఏదో ఆర్డరు వచ్చి ఉంటుందనుకున్నారు. నేను తిరిగొచ్చేసరికి మూడూ అయిపోయాయి. విచారణ జరిగింది. పై అధికారి తన మెడకి చుట్టుకుంటుందని "ప్రయోగాత్మక వర్ణం" అని ఒక కాగితం సృష్టించి, ఆయన చేత సంతకం పెట్టించి ఫైలు మూసేశాడు. రహస్యపనీ లేదు, సంధ్యవేళా లేదు.

నేను ఉద్యోగంలో చేరలేదు. ఇక ఆయన పేరు పాడుచెయ్యకు.

అమ్మమ్మ


వర్క్‌షాపు
ఆగస్టు 11

అమ్మమ్మా,

ముందే చెప్తున్నాను, తిట్టు. చదివాక తిట్టు.

చించలేదు. అంతకంటే ఘోరం చేశాను. భూతద్దంగారు ముందుమాట పట్టుకొచ్చారు. మొదటి వాక్యంలోనే "సంధ్యాకాల గోధుమవర్ణ రహస్యం". నాకు నోరు ఆగలేదు. "రంగులు కనబడని మనిషి కలిపి ఉండొచ్చు కదండీ" అన్నాను, అంతే, ఊహకి అన్నట్టు. ఆయన భూతద్దం దించి నా మొహం చూశారు. అమ్మమ్మా, ఆయన పదిహేను నిమిషాల్లో మొత్తం లాగేశారు. ఎవరు లాగినా వచ్చేసే రకాన్ని నేను, నీకు తెలుసు.

నమ్మారా అంటే, నమ్మలేదు. "పెద్దావిడ, పాపం, ఈ వయసులో జ్ఞాపకాలు కలగాపులగం అవుతాయి" అన్నారు. నాకు కోపం వచ్చి "కలగాపులగం అయింది మా అమ్మమ్మ జ్ఞాపకాలు కాదు, మీ నలభై పేజీలు" అనేశాను. దాంతో ఆయన పంతానికి పోయారు. నలభై రంగు ముక్కలున్న తన పెట్టె తీసుకుని, వచ్చే గురువారం మీ ఇంటికి వస్తారట. వరసగా పేర్చమంటారట. నువ్వు పేర్చగలిగితే నీ మాట నమ్ముతారు, ముందుమాట మారుస్తారు. లేకపోతే తన వ్యాసమే అచ్చవ్వాలి.

వద్దని చెప్పనా?

పిడుగు


వెనక గది
ఆగస్టు 16

నీ నోట్లో నువ్వుగింజ నానదు. రంగుల సీసాలకి వేసే మూతల్లో ఒకటి నీకూ వేసుకో.

రానీ.

అమ్మమ్మ


వెనక గది
ఆగస్టు 24

పిడుగుకి,

వచ్చాడు. చెప్పిన టైముకి పది నిమిషాలు ముందే వచ్చి, ఆ పది నిమిషాలూ వీధిలో నిలబడ్డాడు. నేను పైనుంచి చూస్తూనే ఉన్నాను. లోపలికి రాగానే నా గుమ్మం తలుపు రంగు వైపు భూతద్దం ఎత్తబోయి ఆగాడు. మర్యాదస్తుడే.

నీతో ఒక సంగతి చెప్పాలి. నేను తప్పు పేర్చాలనే అనుకున్నాను. ముసలిదానికి మతి తప్పిందని ఒక మధ్యాహ్నం అనిపించుకుంటే పోయేదేముంది? ఆయన నలభై పేజీలు ఆయనకి దక్కుతాయి. మీ తాతయ్య కన్ను మీ తాతయ్యకి దక్కుతుంది. నీ సీసాలు నీకు అమ్ముడవుతాయి. అందరికీ సుఖం.

పెట్టె తెరిచాడు. ఒక కొస పచ్చిక, ఇంకో కొస ఇటుక, మధ్యలో ముప్ఫై ఎనిమిది మెట్లు. ముక్కలన్నీ టేబుల్ మీద కలిపేసి, "మెల్లగానే కానివ్వండి అమ్మగారూ, తొందరేం లేదు" అన్నాడు. మొదటి ముక్క తప్పు పెట్టాను. రెండోది తప్పు పెట్టాను. మూడోది పెట్టేటప్పుడు చెయ్యి కాస్త ఆగింది, అయినా పెట్టాను. ఆయన కాగితం మీద మూడు గీతలు గీసుకున్నాడు. ఎగతాళి చేసి ఉంటే బాగుండేది. "పరవాలేదండి, మా అమ్మకి కూడా ఇలాగే" అన్నాడు.

నాలుగోది తీసుకున్నాను. డిపో ఆకుపచ్చ, అచ్చం అదే. దాన్ని ఎర్రమట్టి పక్కన పెట్టాలి. పెట్టలేకపోయానే. చెయ్యి కదల్లేదు. పిల్ల చేతిని పొయ్యిలో పెట్టమన్నట్టు అనిపించింది. "ఉండండి బాబూ" అని మొదటి మూడూ వెనక్కి లాగేశాను. తర్వాత ఆయన టీ చల్లారేలోపు నలభై ముక్కలూ పేర్చేశాను.

ఆయన ఒక్కొక్కటీ తిప్పి వెనక నంబర్లు చూసుకున్నాడు. "రెండు తప్పాయండి. ఇరవై మూడు, ఇరవై నాలుగు" అన్నాడు. గొంతులో కాస్త ప్రాణం వచ్చింది.

"తప్పింది నాకు కాదు, మీ నంబర్లకి. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూడండి" అన్నాను.

వెళ్ళాడు. చూశాడు. భూతద్దం పెట్టి చూశాడు, తీసి చూశాడు. "ఇరవై రెండేళ్ళుగా ఈ పెట్టెతోనే అందరి మోడళ్ళూ తప్పుపడుతున్నానండీ" అన్నాడు. పాపం, కుర్చీ వెతుక్కుని కూచున్నాడు.

చల్లారిన టీ తాగేసి, "అయితే ఫోర్‌మన్‌గారికి ఏమీ తెలీదన్నమాట" అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "గాలిలో తడి చూసి రంగు ఎంత పల్చన చెయ్యాలో ఆయనకి తెలుసు. స్ప్రే గన్ను చప్పుడు విని ముక్కులో చెత్త అడ్డుపడిందని చెప్పేవారు. ఆయన వేసిన పూత రెక్క మీంచి పెచ్చు లేచిందన్న ఫిర్యాదు ముప్ఫయ్యేళ్ళలో ఒక్కటి లేదు. ఆకుపచ్చ ఒక్కటే తెలీదు. మీకు ఇరవై మూడు తెలీనట్టే" అన్నాను.

"మరి నా నలభై పేజీలు?" అన్నాడు వెళ్ళబోతూ.

"దాచుకోండి. కథ బాగుంది" అన్నాను.

అమ్మమ్మ


వర్క్‌షాపు
సెప్టెంబరు 6

అమ్మమ్మా,

భూతద్దంగారి ముందుమాట ఇప్పుడు నాలుగు వాక్యాలు. నాలుగో వాక్యం నీకు కృతజ్ఞతలు. క్లబ్బులో నిలబడి తన పెట్టె తప్పని తనే చెప్పారు. అక్కడున్న వాళ్ళలో సగం మంది ఇంటికెళ్ళి తమ మోడళ్ళకి మళ్ళీ రంగు వేస్తున్నారట, మిగతా సగం ఆయనతో మాట్లాడటం లేదు.

పెట్టె పేరు "అమ్మమ్మ కన్ను" అని మారుస్తాను. గోధుమ సీసా గురించి పుస్తకంలో ఇలా రాశాను, చూడు:

"ఈ రంగు ఏ రహస్యపనికీ తయారుచేసినది కాదు. డిపోలో రంగు కలిపే ఫోర్‌మన్‌కి ఆకుపచ్చ కనబడేది కాదు. ఆయన తరఫున ప్రతి రంగునూ ఇంట్లో ఆయన భార్య సరిచూసేది. ఈ మూడు విమానాలూ గోధుమరంగులో ఎందుకున్నాయంటే, ఆ తొమ్మిది రోజులూ మా అమ్మమ్మ ఇంట్లో లేదు."

నువ్వు ఒప్పుకుంటేనే అచ్చు. వద్దంటే గోధుమ సీసానే తీసేస్తాను, నష్టం నాది. ముక్క కూడా పంపుతున్నాను. ఇరవైలోగా చెప్పు.

నీ పిడుగు


వెనక గది
సెప్టెంబరు 12

పిడుగుకి,

ముక్క చూశాను. మరీ అందంగా ఉంది. ఆయన కలిపింది ఇంత బాగా లేదు. ఎరుపు ఇంకాస్త పొయ్యి, నలుపు తగ్గించు. చూడగానే "అయ్యో" అనిపించాలి. పెట్టె మీద ఎవరి కన్నూ వద్దు. రంగు పేరు, నంబరు వెయ్యి. కళ్ళు అమ్ముకునే వంశం కాదు మనది.

నీ పేజీలో తప్పుంది. నీది కాదు, నాది. నాలుగు రోజుల్నుంచి ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేస్తున్నాను. ఆ మూడు ముక్కలూ తప్పు పెట్టి ఊరుకుని ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు. ఒకసారి సరిగ్గా పేర్చడం మొదలుపెడితే మధ్యలో ఆపడం నాకు చేతకాదు.

నేను తిరిగొచ్చేసరికి మూడూ అయిపోయాయని రాశాను. రెండే అయ్యాయి.

తొమ్మిదో రోజున నేను వచ్చింది ఉండటానికి కాదు, సామాన్లు సర్దుకోవడానికి. ఒకటో తారీకున లాబొరేటరీలో చేరాలి. పెట్టె మంచం మీద తెరిచి బట్టలు మడతపెడుతున్నాను. ఆయన డిపో నుంచి వచ్చారు. నన్ను చూసి ఎంత సంతోషించారో చెప్పలేను. పెట్టె చూడనే లేదు. జేబులోంచి రేకుముక్క తీసి కిటికీలో పెట్టారు. "రెండింటికి నేనే కలిపి వేశానే, ఎలా ఉందో ఏమో. ఇంకా షెడ్డులోనే ఉన్నాయి, పైవాళ్ళెవరూ చూళ్ళేదు. పొద్దున్నే మూడోది వెయ్యాలి. కాస్త చూసి చెప్పవూ" అన్నారు.

చూశాను. ఇటుక.

ఒక్క మాట అని ఉంటే రాత్రికి రాత్రే మొదటి రెండూ మళ్ళీ పూసేసేవారు. విచారణా ఉండేది కాదు, కాగితమూ ఉండేది కాదు. నేను మాత్రం "మరి నావి ఎవరు చూస్తారు?" అన్న మాటనే తలుచుకుంటున్నాను. నేను లేకపోతే ఏమవుతుందో ఊరంతా చూడాలనిపించింది.

"ఆకుపచ్చే" అన్నాను. మడత ఆపకుండానే అన్నాను.

మర్నాడు మూడు విమానాలూ ఎండలోకి వచ్చాయి. సాయంత్రం ఆయన ఇంటికి వచ్చి బూట్లు విప్పకుండా కూచున్నారు. నన్నేమీ అనలేదు. విచారణలో అయిదుసార్లు అడిగారట, రంగు ఎవరికి చూపించావని. "నా కన్నే నమ్ముకున్నాను" అన్నారట. నేను బట్టలన్నీ తీసి మళ్ళీ బీరువాలో పెట్టుకున్నాను. ఎవరూ పెట్టమనలేదు. ఎందుకలా చెప్పావని ఆయన అడిగి ఉంటే వెళ్ళిపోయేదాన్నేమో.

ఫైలు మూసిన వారానికి మళ్ళీ ఒక రేకుముక్క తెచ్చి కిటికీలో పెట్టారు. పక్కన నిలబడి "ఏ రంగే ఇది?" అన్నారు. చెప్పాను. ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళపాటు ముక్కలు తెస్తూనే ఉన్నారు, నేను చెబుతూనే ఉన్నాను. చెప్పినదాన్ని "నిజమేనా?" అని ఒక్కనాడు కూడా తిరిగి అడగలేదు. అడిగి ఉండాల్సింది. అడిగితే ఒక్కసారి దెబ్బలాడుకుని ఊరుకునేవాళ్ళం. ఆ మనిషితో అదే బాధ.

పేజీలో చివరి వాక్యం కొట్టేసి ఇలా వెయ్యి: "మొదటి రెండు విమానాలప్పుడు మా అమ్మమ్మ ఇంట్లో లేదు. మూడోదానప్పుడు ఉంది."

అమ్మమ్మ